పనిమనిషి సంచిలో తాళంచెవి

నవంబర్ 3, 1997, సోమవారం

కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నా ప్రాజెక్టు టాపిక్ ఖాయం. బ్యాచ్‌లో అందరూ పేరోల్ అనీ, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అనీ అదే పాత చింతకాయ పచ్చడి. నేను గేమ్ చేస్తాను. డిటెక్టివ్ గేమ్. కరీంనగర్‌లో ఇంతవరకు ఎవరూ చేసి ఉండరు. చేసి ఉంటే నాకు తెలిసేది.

కథ నేను రాయనక్కర్లేదు. నానమ్మ దగ్గర 'ఇత్తడి తాళంచెవి' అని ఒక పాత నవల ఉంది. ఎంతమంది చేతులు మారిందో, అట్ట ఊడి, రాసినాయన పేరు కూడా పోయింది. వాళ్ల కాలంలో అది చదవనివాళ్లు లేరట. దీపావళి రాత్రి, టపాకాయల మోతలో, కోటలాంటి తన గడిలో దొరను ఎవరో తుపాకీతో కాలుస్తారు. ఇనప్పెట్టె తాళంచెవి మాయం. డిటెక్టివ్ జీపులో వస్తాడు, చాయ్ మీద చాయ్ తాగుతాడు, ఆఖరికి దొర తమ్ముణ్ని పట్టుకుంటాడు. నేను మొదటి పేజీలో ఉండగానే నానమ్మ హంతకుడెవరో చెప్పేసింది. ఆమెకు అదో సరదా.

నవంబర్ 6

బొమ్మలు అంబదాస్ గీస్తానన్నాడు. ఆదిలాబాద్ అబ్బాయి, ఇక్కడ రూమ్ తీసుకుని మా బ్యాచ్‌లోనే నేర్చుకుంటున్నాడు. మౌస్‌తో గీసినా చేత్తో గీసినట్టే ఉంటుంది. ముఖం మీద క్లిక్ చేస్తే మూడు బటన్లు రావాలి: అడుగు, వెతుకు, పట్టుకో. బరోబర్ వస్తది, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నాడు.

తెలుగు లిపి రావడం లేదు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నాను. సిస్టంలో గేమ్ ఉంటే అందరూ ఆడుకుంటూ కూర్చుంటారని సార్ ఉంచనివ్వరు. అందుకని అంతా ఫ్లాపీలోనే.

నవంబర్ 10

ఒక చిక్కు వచ్చింది. నవలలో ఒక పనిమనిషి ఉంది. చాయ్ తెస్తుంది, దీపం పెడుతుంది, పోతుంది. ఆమెకు పేరు లేదు. డిటెక్టివ్ ఆమెను ఒక్క ముక్క అడగడు. పుస్తకంలో అది చెల్లింది. గేమ్‌లో చెల్లదు, ఆడేవాడు ఎవరి మీదైనా క్లిక్ చేస్తాడు కదా. ఆమె మీద క్లిక్ చేసి 'అడుగు' నొక్కితే గేమ్ హ్యాంగ్ అవుతోంది. ఆమె నోట్లో నాలుగు మాటలు పెట్టాలి. ఏం మాటలో నాకు తెలియదు.

నవంబర్ 11

తెలివైన పని చేశాను. మా బాలవ్వనే అడిగాను. ఊళ్లో గడి వదిలి మేం కరీంనగర్ వచ్చినప్పుడు మాతోపాటే వచ్చిన మనిషి. చిన్నప్పుడు నాకు జడలు వేసింది ఆమే. వాకిట్లో బియ్యం చెరుగుతుంటే కుర్చీ లాక్కుని, ఒళ్లో ప్యాడ్ పెట్టుకుని కూర్చున్నాను. గేమ్ కోసమని చెప్పలేదు. చెబితే నాటకంలోలాగా మాట్లాడుతుంది, సహజంగా రాదు.

దీపావళి రాత్రి ఎక్కడున్నావు అన్నాను. చాట ఆపింది. యాడికి పోత చిన్నదొరసాని, గిన్నెలు తోమిన, వంటింట్లనే పన్న అంది. దొర గదిలోకి ఎవరు పోయారు అంటే, నాకేం ఎర్క, నేను చూడలే అంది. తాళంచెవి ఎక్కడ ఉంటుందో తెలుసా అంటే, అందరికి ఎర్కనే గదా అంది. నీ సంచిలో ఏముంది అన్నాను. నడుముకు దోపుకున్న సంచి మీద చెయ్యి వేసుకుంది. ఆకు, వక్క, సున్నం డబ్బి, ఇంకేముంటయి అంది. ఆ తర్వాత ఏం అడిగినా తల ఎత్తలేదు.

ఎంత బాగా చెప్పింది! ఒక్క అక్షరం మార్చకుండా ఎక్కించేస్తాను.

నవంబర్ 13

తాళంచెవిని పనిమనిషి సంచిలో పెట్టాను. నవలలో లేదు, నా సొంత కల్పన. దొర తమ్ముడే ఎవరూ చూడకుండా వేశాడన్నమాట. అతను ఎలాగూ మాటల్లో దొరికిపోతాడు, ఓపికగా అడిగితే. ముఖం ఎట్లుండాలె అని అంబదాస్ అంటే బాలవ్వ ముక్కుపుల్ల, నుదుటి మీది పచ్చబొట్టు చెప్పాను. అచ్చు దిగిపోయింది. మిగతావాళ్ల మీద 'వెతుకు' నొక్కితే అందరికీ కలిపి ఒకటే లైను పెట్టాను. టైం లేదు.

సాయంత్రం బ్యాచ్‌ను కూర్చోబెట్టి ఆడించాను. అందరూ పనిమనిషినే పట్టుకున్నారు. సగంమంది వేరే ముఖాల జోలికే పోలేదు. తప్పు, గేమ్ ఓవర్ అని వచ్చినప్పుడల్లా ఒకటే కేకలు. భలే బోల్తా కొట్టించావని చప్పట్లు. ఇంటికి పాట పాడుకుంటూ వచ్చాను.

నవంబర్ 14

బాలవ్వ రాలేదు.

నవంబర్ 15

ఇవాళ కూడా రాలేదు. గిన్నెలు నేనే తోమాను. జ్వరమేమో అంది నానమ్మ.

నవంబర్ 16, ఆదివారం, సాయంత్రం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున బాలవ్వ రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెంట వాళ్ల వాడ నుంచి దేవవ్వ అని పెద్దామె. బాలవ్వ పెట్టెను వరండాలో దించి బోర్లించింది. రెండు చీరలు, దుప్పటి, చెక్క దువ్వెన, చచ్చిపోయిన మొగుడి ఫోటో, నా చిన్నప్పటి పువ్వుల గౌను. తర్వాత నడుము సంచి విప్పి దులిపింది. ఆకు, వక్క, సున్నం డబ్బీ. చూసుకోండ్రి అంది.

ఏం పోయింది, ఎవరన్నారు అని నానమ్మ ఆశ్చర్యపోయింది. చిన్నదొరసాని దీపావళి రాత్రి సంగతి అడిగింది, పోలీసోల్ల తీరుగ కాయితం మీద రాసుకుంది అంది బాలవ్వ. గీ ఇంట్ల తియ్యాల్నంటే ఇన్నేండ్ల సంది తియ్యకపోదునా అంది.

అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. మొన్ననే కదా దీపావళి వెళ్లింది. నేను అడిగింది నవలలోని దీపావళి అని ఆమెకెలా తెలుస్తుంది?

నేను నవ్వాను. సిగ్గుతో వచ్చిన నవ్వు, ఆపుకోలేకపోయాను. ఏమీ పోలేదు, కంప్యూటర్‌లో ఆట కోసం అడిగాను అని ఏదో గొణిగాను. నగుతున్నవా దొరసాని, ఇది రెండు దినాల సంది బువ్వ ముట్టలే అంది దేవవ్వ.

అసలు ఘోరం తర్వాత జరిగింది. మా బాపు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. ఆట కోసమేనని నేను చెప్పిందీ విన్నాడు. విని, లోపలికి వెళ్లి బీరువా తెరిచాడు. వెండి గ్లాసులు ఒక్కొక్కటే తీసి పెడుతున్న చప్పుడు వరండా దాకా వచ్చింది. అందరం నిలబడి విన్నాం. బాపు బయటికి వచ్చి, అన్ని ఉన్నయి, రేపటి సంది పనికి రా అన్నాడు.

బాలవ్వ అన్నీ మడతపెట్టి పెట్టెలో సర్దుకుంది. నా గౌను మాత్రం అక్కడే వదిలేసి పోయింది.

నవంబర్ 19

పనికి రాలేదు. బాలవ్వ వకీలు గారింట్లో, మూల మీది ఇంట్లో కూడా చేసేది. రెండిళ్లవాళ్లూ రావద్దన్నారట. ఏమీ లేకుండానే దొరలు అడుగుతారా అన్నారట. వాడలో నల్లా దగ్గర కూడా ఆమె బిందె పట్టుకుని రాగానే అందరూ మాటలు ఆపేస్తున్నారట.

వకీలు గారింటికి పోయాను. మా ఇంట్లో ఏమీ పోలేదని, తప్పు నాదేనని చెప్పాను. వాళ్లావిడ లీలాబాయి నా భుజం తట్టింది. నీది మంచి మనసు ప్రమోదినీ, దాన్ని కాపాడబోతున్నవు అంది.

ఎంత చెబితే ఆమె అంత దొంగ, నేను అంత మంచిదాన్ని. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నవంబర్ 23, ఆదివారం

చూపిస్తే అర్థమవుతుందనుకున్నాను. బతిమాలి బాలవ్వను ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకుపోయాను. అంబదాస్ తాళం తీశాడు. కుర్చీ అంచున కూర్చుంది.

తెర మీద ముఖం రాగానే తన ముక్కుపుల్ల తడుముకుంది. గిది నేనే గదా అంది. అవునన్నాను. నేనేం జేసిన అంది. నువ్వేం చెయ్యలేదు, అంతా దొర తమ్ముడు చేశాడు, చూడు అన్నాను. అంబదాస్ 'వెతుకు' నొక్కాడు. బొమ్మ సంచిలోంచి తాళంచెవి టింగుమని బయటపడింది. గీ తాళంచెవి ఎవలు పెట్టిండ్రు అంది. దొర తమ్ముడు అన్నాను. అబద్ధం. పెట్టింది నేను.

తెర మీద పక్కనే ఉన్న దొర భార్య, దొరసాని ముఖం మీద వేలు పెట్టింది. ఈమె పెట్టె గూడ జర ఇప్పుమను అంది. అంబదాస్ నా వైపు చూసి, నొక్కాడు. లైను వచ్చింది. బాలవ్వకు చదువు రాదు. ఏమంటుంది అని అడిగింది. నేనే చదివి వినిపించాల్సి వచ్చింది.

దొరలను సోదా చేయడానికి వీల్లేదు.

గట్లని ఎవలు రాసిండ్రు అంది. నేనే అన్నాను.

తల ఊపింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. రిక్షా ఎక్కమంటే ఎక్కకుండా నడిచి పోయింది.

నవంబర్ 25

ఆ లైను తీసేశాను. గేమ్ హ్యాంగ్ అయింది. తీసేస్తే సరిపోదు, దాని బదులు దొరసాని పెట్టెలో ఏముందో రాయాలి. దొరసాని పెట్టెలో ఏముంటుంది? మా నానమ్మ పెట్టెలో ఏముందో కూడా నాకు తెలియదు. దాన్ని ఎవరూ ఎప్పుడూ విప్పమనలేదు.

నవంబర్ 27

కాపీ పెట్టుకున్న రెండో ఫ్లాపీ చెడిపోయింది. ఇక ఉన్నది ఒక్కటే. ఎల్లుండి ఇన్‌స్టిట్యూట్‌లో ప్రాజెక్టుల ఎగ్జిబిషన్. నా గేమ్‌ను గేటు ఎదురుగా మొదటి టేబుల్ మీద పెడతారట. వచ్చినవాళ్లందరితో ఆడిస్తారట. సార్ చాలా సంతోషంగా ఉన్నారు.

నవంబర్ 28

బాలవ్వ వాడకు వెళ్లాను. నల్లా వచ్చే వేళ, ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. దేవవ్వ కూడా. బాలవ్వ ముందు నేల మీద కూర్చుని నా హ్యాండ్‌బ్యాగ్ బోర్లించాను. దువ్వెన, బస్ పాస్, లిప్‌స్టిక్, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, ఫ్లాపీ. చూసుకోండ్రి అన్నాను.

బాలవ్వ ఒక్కొక్కటే తీసి, చూసి, మళ్లీ బ్యాగులో పెట్టింది. ఫ్లాపీ పట్టుకుని ఇదేంది అంది. నువ్వున్నది ఇందులోనే అన్నాను.

దాన్ని తన నడుము సంచిలో వేసుకుని తాడు బిగించింది. బిందె ఎత్తుకుని ఇంట్లోకి పోయింది.

తిరిగి ఇమ్మని నేను అడగలేదు.