బస్తా ఇచ్చింది ఎవరో చెప్పను

జూన్ 7, ఆదివారం

ఈ రోజు నుంచి కొత్త పద్మకుమారి!

పాస్టరు గారి ప్రసంగం ఇవాళ తిన్నగా నా మీదికే వచ్చింది. ఇచ్చేది ఎడమ చేతికి కూడా తెలియకుండా ఇవ్వాలట. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. మేమిచ్చిందే. రెక్కల మీద ‘హరిబాబు, పద్మకుమారి దంపతుల కానుక’ అని ఎర్ర రంగుతో రాయించాం. జోరుగా తిరిగితే పేర్లు కనబడవని, కొన్న దగ్గర్నుంచీ దాన్ని ఒకటో నంబరు మీదే ఉంచుతున్నాను. మే నెలలో కూడా. సంఘమంతా చెమటలు కక్కుతూ మా పేర్లు చదువుకుంటోంది. సిగ్గేసింది.

నిన్న పాస్టరు గారి భార్య గౌతమి కిలో నూకలు కొంటూ కనబడింది. నన్ను చూసి సంచి కొంగు చాటు చేసుకుంది. వానలు మొదలై సాలూరు లారీలకు కిరాయిలు తగ్గితే మా సంఘంలో కానుకలూ తగ్గుతాయి. పాస్టరు గారికి జీతమంటూ లేదు. ఆ కానుకలే.

తీర్మానం: నెలకో బియ్యం బస్తా వాళ్ల గుమ్మంలో. పేరు చెప్పను. చచ్చినా చెప్పను!

జూన్ 8

ఇంటి ముందు గదిలో నడిపే టైలరింగ్ షాపు కాసేపు మూసి బస్తా కొన్నాను. సన్నబియ్యం. ఆటో త్రినాథ్ చేత ఒట్టు వేయించుకున్నాను.

“ఎవులిచ్చినారని అడిగితే ఏటి సెప్పమంటావక్కా?”

“దేవుడు పంపినాడని సెప్పు.”

“మరి ఆటో కిరాయి కూడా ఆయన్నే అడగాలా?”

ఇచ్చాను. అదీ గుట్టుగానే. గుండె తేలిగ్గా ఉంది. ఇంత సులువా!

జూన్ 9

గౌతమి పరుగెత్తుకొచ్చింది. ఎప్పట్లాగే వంటింట్లో కింద చతికిలబడింది.

“ఒదినా, ఎవులో బియ్యం బస్తా గుమ్మంలో ఎట్టేసి ఎల్లిపోనారు! పిల్లలు రెండోసారి అడిగి ఎట్టించుకున్నారు. వందనాలు ఎవులికి సెప్పాలో తెలీక తిన్నగా దేవుడికే సెప్పేసినాను.”

తర్వాత నా గిన్నె మూత తీసి, వేలితో రుచి చూసింది. “ఏటొదినా ఈ పులుసు? సింతపండు ఊరికినే వచ్చినాదా?” అంది. నన్ను మొహం మీద ఇలా అనేది ఈ ఊళ్లో తనొక్కతే. వాళ్లు సాలూరు వచ్చిన దగ్గర్నుంచీ అంతే.

బియ్యం బాగున్నాయా అని మూడుసార్లు అడిగాను. మూడోసారి అదోలా చూసింది. నాలుక కరుచుకున్నాను.

జూన్ 14, ఆదివారం

ఘోరం!

పాస్టరు గారు మైకులో “పేరు చెప్పుకోని ఆ దాత”కు వందనాలు చెప్పారు. సంఘమంతా ఒక్కసారిగా యమున వైపు తిరిగింది. లారీ ఓనరు భార్య కదా. యమున లేచి, “నాను కాదండీ” అంది. అది అన్న తీరు! తల వంచి, కొంగు సర్దుకుని, సన్నగా ఓ నవ్వు నవ్వి! అలా కాదంటే ఎవరు నమ్ముతారు? “ఎంత తగ్గింపు మనసో సూడు” అని నా పక్కనున్న ముసలి నారాయణమ్మ కళ్లొత్తుకుంది.

న్యాయంగా చెప్పాలంటే యమున నిజమే చెప్పింది. తప్పంతా ఆ నవ్వుది.

సాయంత్రం తలనొప్పి.

జూన్ 16

నేను చెప్పకూడదు, నిజమే. వాళ్లంతట వాళ్లు కనుక్కోకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

గౌతమితో అన్నాను, “ఆ బస్తా మీదున్న షాపు పేరు... మా సందు సివర్దే కదే?”

“అవునొదినా. యమునక్క కూడా అక్కడే కొంటాది.”

ఇంటికొచ్చేశాను.

జూన్ 18

మా ఆయనకు చెప్పేశాను. భర్త పరాయివాడు కాదు కాబట్టి లెక్కలోకి రాదు. విని, “ఎడం సేతికి తెలీకుండా ఇచ్చినావు, సరే. నా జేబుకి కూడా తెలీకుండా ఇచ్చినావే!” అన్నాడు.

శృంగవరపుకోటలో ఉన్న అక్కకు ఫోన్లో చెప్పాను. అక్కది వేరే సంఘం కాబట్టి అదీ లెక్కలోకి రాదు.

నారాయణమ్మకు చెప్పబోయి ఆగాను. ఆవిడకు చెవుడు. అరిచి చెప్పాల్సి వస్తుంది. నా నిగ్రహానికి నాకే ముచ్చటేసింది.

జూన్ 21, ఆదివారం

దేవుడు చేసిన మేళ్ల గురించి లేచి సాక్ష్యాలు చెప్పే సమయం. లేవకూడదనే అనుకున్నాను. కానీ యమునకు ముందు వరసలో కుర్చీ వేశారు. మిగతా ఆడవాళ్లమంతా చాపల మీద. లేచి మైకు అందుకున్నాను.

“సంఘమా, నా కోసం ప్రార్థన చెయ్యండి. పాస్టరు గారింటికి బియ్యం బస్తా పంపింది నేనేనన్న గర్వం నాలోకి రాకుండా!”

అందరూ “ఆమేన్” అన్నారు. యమున అందరికన్నా గట్టిగా అంది. గౌతమి మాత్రం ఒళ్లో పాప జుట్టు సర్దుతూ తలెత్తలేదు.

మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. అరగలేదు.

జూన్ 25

ఇన్నాళ్లకి గౌతమి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, “లోపలికి రావచ్చాండీ?” అంది.

అండీ!

“ఒసే, ఏటే ఆ అండీ? వచ్చి కూకో.”

వంటింట్లోకి రాలేదు. షాపులో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుంది. అన్నం, కూర పెట్టాను. కూరలో ఉప్పు వెయ్యడం మరిచానని తర్వాత తెలిసింది. తను ఒక్క వంకా పెట్టకుండా తిని, “బాగున్నాదండీ” అంది. ప్లేటు కడిగేసి, మూలనున్న చీపురు తీసుకుని నేను కత్తిరించి పడేసిన గుడ్డ ముక్కలు ఊడవడం మొదలుపెట్టింది.

“ఏటే ఇది?”

“మీ బియ్యం తింటన్నాం కదండీ. ఖాళీగా ఎలా కూకుంటాను?”

చీపురు లాక్కున్నాను. తను వెళ్లాక మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. దేవుడికి వందనాలు చెప్పుకుని సుఖంగా తింటున్న అన్నాన్ని, నా మొహం గుర్తు చేసుకుంటూ తినేలా చేశాను. ఒక్క నిమిషం గొప్ప కోసం.

జూలై 5, ఆదివారం

ఇంకో బస్తా పంపితే సంఘమంతా నా పేరే చెబుతుంది. అందుకని ఆ డబ్బు చిన్నగా మడిచి కానుకల సంచిలో వేశాను. అందరి నోట్లలో కలిసిపోయేలా చెయ్యి అడుగుదాకా పెట్టి కలిపాను. సంచి పట్టుకున్న యమున, “సెయ్యి గాని ఇరుక్కుపోనాదేటి?” అంది.

జూలై 6

గౌతమి జాకెట్టు తీసుకోవడానికి వచ్చింది. “ఈ వారం కానుకలు బాగా వచ్చినాయండీ. ఎవులో పెద్ద నోట్లేసినారు. యమునక్కే అయ్యుంటాది.”

నోటి దాకా వచ్చింది. సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకున్నాను.

“అయ్యుంటాది. యమునది పెద్ద మనసు” అన్నాను. ఈ ఒక్క ముక్కకి అయినంత ఖర్చు బస్తాకి కూడా కాలేదు.

గౌతమి జాకెట్టు చేతులు తిరగేసి కుట్టు చూసింది. మొహం చిట్లించింది. ఏదో అనబోయి ఆగి, “బాగున్నాదండీ” అనేసి వెళ్లిపోయింది.

అనబోయింది! నేను చూశాను!

మళ్లీ మొదలు. ఈసారి మా ఆయనకీ చెప్పను, అక్కకీ చెప్పను. గౌతమి నన్ను ఒదినా అని పిలిచి నా కుట్టుకు వంక పెట్టేదాకా నోరు విప్పను. పెట్టాక అసలే విప్పను.