రిపోర్టుల లేని మంట

జులై 7, సోమవారం

నా పేరు మల్లవ్వ. ఉండేది మెదక్. ఆధార్‌ల అరవై ఎనిమిది ఉన్నది, అది తప్పు. డెబ్బై ఎప్పుడో దాటినయి. ఇంట్ల నేను, నా బిడ్డ అనసూయ, ఇద్దరమే. నలభై ఏండ్లు బీడీలు చేసిన. సదువు రాదు. నేను చెప్తుంటె రాస్తున్నది పక్కింటి రూతమ్మ టీచర్, రిటైర్ అయింది. "రెండు నిమిషాలల్ల డాక్టర్‌కు ఏం చెప్తవ్ మల్లవ్వా, దినాం ఏమైతుందో రాసి చూపెడ్దాం" అన్నది ఆమెనే.

సరే. రాయుండ్రి టీచరమ్మా. నేనెట్ల చెప్తె గట్లనే. దిద్దుడు లేదు.

మంట. మోకాళ్ల కింద నుంచి పాదాల దాంక. మోచేతుల నుంచి చేతి వేళ్ల దాంక. మిరపకాయలు నూరి పట్టిచ్చినట్టు. ముట్టుకుంటె తోలు సల్లగనే ఉంటది. మంట లోపట. పోయిన దసరా నుంచి.

జులై 8

పొద్దున మంట. మాపటికి మంట.

"గింతేనా?" అంటది టీచర్. గింతే. దానికి వేరే పని లేదు.

జులై 11, శుక్రవారం

పెద్ద దవాఖానకు పోయినం. అనసూయ బట్టల దుకాణంల సెలవు పెట్టి తోల్కపోయింది. డాక్టర్ చిన్న వయసోడే. మంచిగనే మాట్లాడిండు. రక్తం కాగితం చూసిండు — షుగర్ లేదు. నరాల పరీక్ష కాగితం చూసిండు — నార్మల్. పాదం ఒత్తిండు. "నొస్తుందా?" లేదు సారూ అన్న. అప్పుడు నిజంగనే లేకుండె.

"అవ్వా, నాకంటె నువ్వే మంచిగున్నవ్. ఊకె ఇంట్ల కూసుంటె గిట్లనే అనిపిస్తది. మనసుల పెట్టుకోకు."

అనసూయ నవ్వింది.

డాక్టర్ అన్నందుకు కాదు... నా బిడ్డ నవ్వింది. గదే రాయుండ్రి.

జులై 12

రాయించబుద్ధి కాలే.

జులై 14, సోమవారం

టీచర్ అడిగింది — మరి ఒత్తితె ఎందుకు నొయ్యలే మల్లవ్వా?

చెప్పిన. పోయే దినం తానం చేసి, తలకు నూనె పెట్టి, పెట్టెల దాసిన నీలం చీర కట్టుకున్న. నొప్పి గోలీలు రెండు మింగిన. బస్సుల, లైన్ల, అంత మంది ముంగట మూలుక్కుంట కూసుంటె ఏం ఇజ్జత్?

టీచర్ పెన్ను ఆపింది. "నొప్పి తగ్గించుకొని, నొప్పి చూపెట్టనీకి పోయినవా?"

బీడీలు అప్పజెప్పనీకి పోతె గంపల మంచి కట్టలు పైన పెడుతుంటిమి. సన్నయి, వంకరయి అడుగున. చెకింగ్ చేసేటోడు పైన రెండు చూసి వదిలేస్తడని. నలభై ఏండ్ల అలవాటు. దవాఖానల గూడ మంచి కట్టనే పైన పెట్టిన. ఆయన పైన చూసి పంపిచ్చిండు.

ఇద్దరం మస్తు నవ్వినం. నవ్వినంక నాకు ఏడుపొచ్చింది.

జులై 15

గోలీలు మింగి పోయిన సంగతి అనసూయకు చెప్పిన. "అయితె గోలీలకు పోతుందన్నట్టే గద, ఇంక బాధేంది?" అన్నది. సద్ది డబ్బా తీసుకొని దుకాణానికి పోయింది.

జులై 18, శుక్రవారం

మల్ల పోయినం. గోలీ మింగలే. ఇంట్ల చీరతోనే పోయిన. తల దువ్వలే. బాట పొంటి అనసూయ నాకు రెండడుగులు ముంగటనే నడిచింది. "ఏందమ్మా గీ అవతారం, నేను నిన్ను చూస్తలేననుకోరా మంది?"

లైన్ల కూసుండ చేతగాలే, నేల మీద ఒరిగిన. లోపటికి పోయినంక గీ నోటుబుక్కు బల్ల మీద పెట్టిన. తెరవలే డాక్టర్. దాని మీద బీపీ మిషన్ పెట్టిండు. పాదం ముట్టుకోంగనే కేక పెట్టిన.

నాతోని కాదు, అనసూయతోని మాట్లాడిండు. "మొన్న ఒత్తితె ఏం లేదు. ఇయ్యాల ముట్టుకుంటెనే గిట్ల చేస్తుంది. ఇంట్ల ఏమన్న లొల్లయిందా?"

నేనీడనే ఉన్న గద సారూ, నన్నడుగుండ్రి అన్న.

"జర ఆగవ్వా."

మనసు బాగలేనోళ్లను చూసే డాక్టర్ తానకు చిట్టి రాసిచ్చిండు. అనసూయ మడిచి సంచిల పెట్టుకుంది.

సక్కగ పోతె రోగం లేదు. రోగంతోని పోతె పిచ్చి.

జులై 19

మంట. మోకాళ్ల పైకి వచ్చింది.

జులై 20, ఆదివారం

టీచర్ చర్చి నుంచి సీదా మా ఇంటికే వచ్చింది. "నీ కోసం ప్రార్థన చేయించిన మల్లవ్వా."

ఏమని చేయించిన్రు?

"మల్లవ్వ రోగం తగ్గాలని."

రోగం ఉన్నదని నలుగురి ముంగట చెప్పిన్రు గద. చాలు.

జులై 23, బుధవారం

అన్నం గంజి వంపుతున్న. చేతులు ఎప్పుడు వదిలినయో నాకే తెల్వదు. గిన్నె జారింది. గంజి ఎడమ పాదం మీద. అనసూయ తలుపు కాడ చెప్పులు తొడుక్కుంటుండె, చూసింది. ఉరికొచ్చి నీళ్లు పోసింది. తిట్టుకుంటనే పోసింది — "చేతగాకపోతె ఎందుకు ముట్టినవే అమ్మా, ఎందుకు ముట్టినవ్..."

పొక్కింది. గీ పొక్కు అందరికి కనిపిస్తది. వాడకట్టంత వచ్చి అడుగుతున్నరు — అయ్యో, ఎట్ల కాలింది మల్లవ్వా, మందు పెట్టినవా?

లోపటి మంటల గిది సగం గూడ లేదు. దాన్ని ఒక్కరడగలే.

జులై 25

టీచర్ ఫోన్ల కనుక్కున్నది. హైదరాబాద్‌ల నరాల డాక్టర్ ఉన్నడట, రాసింది తెస్తె చదువుతడట. తోల్కపోవాలంటె అనసూయనే. నాకు బస్సు బోర్డు చదవ రాదు, టీచర్‌కు మోకాళ్ల నొప్పులు. అనసూయ సంచిలనేమో ఆ మనసు డాక్టర్ చిట్టి ఉన్నది. ఏ డాక్టర్ తానకు పోయేది దాని చేతులనే ఉన్నది.

జులై 27, ఆదివారం

ఇల్లు కొన్ననాడైనా, బాయి కాడి పొలం పాళ్లు పంచుకున్ననాడైనా, ఇద్దరు సాక్షులు లేని కాగితం మా దిక్కు నిలవలే. దవాఖాన కాగితానికి ముద్ర ఉంటది. నా కాగితానికి వేలిముద్ర, ఇద్దరి సంతకాలు కావాలె అన్న.

అనసూయకు నోటుబుక్కిచ్చిన. గడప మీద కూసొని మొదటి నుంచి చదివింది. ఒక్క తాన మస్తుసేపు ఆగింది.

"నేను నవ్వింది గూడ రాయించినవా..."

రాయించిన.

"సాక్షి అంటె చూసినోళ్లు పెట్టాలె గద అమ్మా. నేనేం చూసిన?"

టీచర్ గుస్స అయింది. "కన్నతల్లికి సంతకం పెట్టనీకి గింత ఆలోచనా!"

ఆగుండ్రి టీచరమ్మా. అబద్ధపు సంతకం నాకొద్దు. అది ఎంత చూసిందో అంతే రాయనియ్యుండ్రి.

పెన్ను తీసుకుంది. రాసి, లోపటికి పోయింది. పొయ్యి కాడ చప్పుడైతలేదు. ఏం రాసిందో చదువుండ్రి అంటున్న, టీచర్ చదువుతలేదు.

చదువుండ్రి...

మల్లవ్వ వేలిముద్ర

సాక్షులు:

1. రూతమ్మ, పక్కిల్లు. ఆమె చెప్పంగ విని రాసిన.

2. అనసూయ, బిడ్డ. గిన్నె జారింది చూసిన. మంట చూడలే.