సూర్యాపేటలో రెండు ప్లేట్లు

యశ్వంత్,

సూర్యాపేట ఫుడ్ ఫెస్టివల్‌కు మనిద్దరికీ కూపన్లు వచ్చాయని మెసేజ్ చూసి గంతులేస్తుంటే, ఆషాఢానికి నన్ను పుట్టింటికి తీసుకెళ్లడానికి అన్నయ్య వచ్చాడు. ఒక్కరోజు ఆగి వెళ్తానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఆషాఢంల కొత్త జంట కలిసి తిరుగుతరా? నలుగురు నవ్వుతరు!" అంది.

నిన్న కోదాడలో కట్టించుకున్న బిర్యానీ ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో. లెగ్ పీస్ నీకే ఉంచాను. ప్రతి ఆదివారం ఒక కొత్త హోటల్ అన్నావు. మిర్యాలగూడ హోటళ్లే ఇంకా సగం చూడలేదు. అమ్మ మాట నువ్వు దాటవు, నాకు తెలుసు.

అక్షిత

తా.క. ఆషాఢంలో కొత్తల్లుడు తొక్కకూడనిది అత్తారింటి గడపే, నాటుకోడి స్టాల్ కాదు. రేపు మధ్యాహ్నం అన్నయ్యతో అక్కడికి వెళ్తున్నాను. నువ్వు రావు. అయినా రెండు ప్లేట్లు తీసుకుంటాను.