రిపీటర్‌లో నీ గొంతు

బాబాయ్,

మన రేడియో మాటల్ని అందుకుని దూరానికి పంపే రిపీటర్‌కున్న ల్యాండ్‌లైన్ తీసేశారు. ఎడారిలో ప్రమాదం జరిగితే చేతిలోని రేడియోతోనే అంబులెన్స్‌కి ఫోన్ కలపాలి కదా, అది పోకూడదని సిమ్ కార్డుతో నడిచే పెట్టె తెచ్చాను. పాత బోర్డుకి అది కుదరక బోర్డే మార్చాను.

షువైఖ్ రేవు నుంచి మన రేడియో మిత్రుడు సుబ్బరాయుడు రేడియోలో నా మొబైల్‌కి కలిపి చూశాడు.

"పలికిందిలేన్నా, ఖలాస్, పని పూర్తయింది" అన్నాడు.

గంటగంటకీ స్టేషన్ పేరు చెప్పే, నువ్వు రికార్డు చేసిన నీ గొంతు ఆ పాత బోర్డులోనే ఉందనీ, కరెంటు తీస్తే చెరిగిపోతుందనీ నాకు తట్టలేదు. నువ్వు పోయాక పిన్ని ఆ గొంతు కోసమే వంటింట్లో రేడియో పెట్టుకుంటోంది.

సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏరా, మీ బాబాయ్ పలకట్లేదేంటి? రేడియో పాడైందా?"

"బ్యాటరీలు అయిపోయుంటాయి పిన్నీ, తెస్తాను" అన్నాను.

తెచ్చాను. లోపలికి వెళ్ళకుండా మీ ఇంటి మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.