పరీక్షలో రెండో ముఖం

చిరంజీవి చిన్నోడికి, అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఒంటికి మాత్రం క్షేమమని అనుకో. ఈ ఉత్తరం నీకు ఏ రేవులో అందుతుందో! ఓడ ఊగుతుంటే కాగే నూనె దగ్గర ఎలా నిలబడి వండుతున్నావోనని నా మనసు పీకుతూనే ఉంటుంది.

భవనం లేదు, బెంచీ లేదు, నీ పెళ్ళాం ఆన్‌లైన్ చదువుకు అంత ఫీజు దేనికని అడిగావు కదా. కోడలినే అడిగాను. కుట్టుమిషను ఆపకుండానే చెప్పింది.

"పాఠం ఒక్కసారి తీసి వేలమందికి అమ్ముతారత్తయ్యా. మనం కట్టేది పాఠానిక్కాదు, చివర్లో ఇచ్చే పట్టాకి. అది లేకుండా లెక్కలు రాసే ఉద్యోగం ఎవడిస్తాడు?"

"మరి పంతులు?"

"అందరికీ ఒక్కడే. అదీ ఎప్పుడో తీసిన బొమ్మ."

నాకప్పుడే భయం పట్టుకుంది. బళ్ళో తప్పు చేస్తే పంతులి కాళ్ళు పట్టుకోవచ్చు. బొమ్మకి కాళ్ళెక్కడివి?

నాన్నా, ఇంతసేపూ అసలు సంగతి దాటేశాను. మొన్న దాని పరీక్ష. కెమెరాయే కాపలా. గదిలో ఇంకో ముఖం కనబడితే పరీక్ష చెల్లదట. "ఇల్లు కాలిపోతున్నా తలుపు తీయకండి" అని మరీ చెప్పింది. బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పొద్దున్న అది మెతుకు ముట్టలేదు. లోపల చప్పుడు లేదు. పిలిస్తే పలకదు. పలక్కూడదన్న సంగతి నేను మరిచాను. కళ్ళు తిరిగి పడిందేమోనని తలుపు తోసుకెళ్ళి నుదుటి మీద చెయ్యి వేశాను. అది బాగానే కూర్చుని ఉంది, తల తిప్పలేదు. తెర మాత్రం ఎర్రబడి ఆగిపోయింది.

విచారించి చెబుతారట. చెల్లదంటే ఈ విడత ఫీజు మొత్తం మళ్ళీ కట్టాలి. నిన్న సంజాయిషీ చెప్పమని నన్నే కెమెరా ముందు కూర్చోబెట్టింది. "అయ్యా, దానికి చూపించి రాయించడానికి నాకేం వచ్చు? ఉత్తరం ముక్క రాసుకునేదాన్ని" అన్నాను. కోడలి వైపు తిరిగాను.

"వింటున్నారంటావా?"

"రికార్డయింది, లేవండి" అంది.

నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఈ పొద్దు, తను రాసుకున్న పాఠాల కాగితాలన్నీ మూటగట్టి అటకెక్కించింది. "మళ్ళీ కట్టమంటే ఈ చదువుకో దండం" అంది. అప్పటి నుంచి అటక కేసి చూడకుండా తిరుగుతున్నాను.

ఇదంతా నీకు రాయొద్దంది. రాశాను. దానికి ఉత్తరం రాసేటప్పుడు నన్ను ఎన్ని మాటలైనా అను, పడతాను. ముందు మాత్రం చదువు మానొద్దని రాయి. ఆ మాట చెప్పే మొహం నాకు లేదురా.

ఇట్లు,
నీ పిరికి అమ్మ