వీధంతా ఉప్పైతే

ఉప్పలగుప్తం,
ఆదివారం.

అన్నయ్యకు దుర్గ నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమమే, నా ఓపిక ఒక్కటే బాగోలేదు. దోహాలో మీరంతా కులాసా అని తలుస్తాను. ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తావు, అందుకే రాస్తున్నాను.

అమ్మ మోకాళ్ళ గురించి అడిగావు. నొప్పి తగ్గింది, మొండితనం తగ్గలేదు. కాలేజీ ఎలా ఉందన్నావు. ఏం చెప్పను! డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు సోషియాలజీ చెప్పడమంటే గోడకు చెప్పడమే. మీ ఇంట్లో కష్టం ఏదైనా చెప్పండి, దానికీ ఊరికీ సంబంధం ఉందేమో చూద్దాం అంటాను. మా తలరాతండి అంటారు. ఇది పరీక్షలో వస్తుందాండీ అని ఇంకొకడు.

మొన్న మన వీధి చివరి భవాని లేచింది. వాళ్ళ నుయ్యి ఉప్పెక్కితే వాస్తు దోషమని వాళ్ళ నాన్న ఎర్రయ్య పూడ్పించాడట. తమ బోరూ అంతేనని, వాళ్ళమ్మ జాతకం చూపిస్తోందని హేమంత్ అన్నాడు. ఆపైన మన వీధి పిల్లలే ఒక్కొక్కరూ లేచారు. రోజూ ఒకే బస్సులో వస్తారు, ఒకరితో ఒకరు అనుకోనేలేదు! తల బాదుకోవాలనిపించింది.

“ఒక నుయ్యి ఉప్పైతే ఆ ఇంటి కష్టం. వీధంతా ఉప్పైతే?” అన్నాను.

భవాని మెల్లగా అడిగింది. “రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళ వల్లేనాండీ? మా నాన్న మేతేసే చెరువు మీదేగదండీ, మేడం?”

“మాదేనమ్మా” అన్నాను. ఆ పూట ఇంక పాఠం సాగలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. రొయ్యలు పట్టేశాక మన చెరువు మీద ధనరాజు లీజు తీరిపోయింది కదా, మళ్ళీ ఇవ్వనని అతనికి చెప్పేశాను. నిన్ను అడగలేదు. అడిగితే ఒప్పుకోవు.

ఊరు మెచ్చుకుంటుందనుకోవడం నా పిచ్చి. భవాని తల్లి కాంతం మర్నాడు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “నీళ్ళు కొనుక్కునైనా తాగుతామండి. ఆ చెరువు లేకపోతే ఆయనకి పనెవరిస్తారండీ?”

ఒళ్ళు మండింది, ఎవరిమీదో తెలియలేదు. పిల్లలకు చెప్పేదాన్ని, నాకే సగం అర్థం కాలేదన్నమాట. చెరువు పూడ్చి కొబ్బరి వేస్తామని, ఎర్రయ్యకు అందులోనే ఏడాది పొడుగునా పని ఇస్తామని మాటిచ్చాను. కాంతం ఆయ్ అంది గానీ నమ్మినట్టు లేదు.

ధనరాజు నీకు ఫోన్ చేస్తాడు. నా మాటే నీ మాటని చెప్పు. తిట్టదలచుకుంటే తీరిగ్గా తిట్టు. మట్టి లారీ మాత్రం బుధవారం వస్తోంది.

ఇట్లు,
నీ చెల్లి,
విజయదుర్గ