ఏడో మైకు

సలెలొలొగా, సవాయి దీవి

మావయ్యకు నమస్కారాలు.

నిన్న జిల్లా సభలో మీ మైకు ఆగిపోగానే "ఒరేయ్, నా నోరే నొక్కుతావట్రా! నీకు వల విసరడం నేర్పిందెవడు?" అని నామీద అరిచారు. మైకు లేకపోయినా అది రేవు దాకా వినిపించింది.

నేను నొక్కలేదు మావయ్యా. మైకుల పెట్టెకు నా కంప్యూటరు నుంచి టైపు చేసి పంపిన ఆదేశం ఒక్కటే: అయిదు నిమిషాలు కాగానే మాట్లాడేవారి మైకు ఆపు. ఏడో మైకు వెనక మీలాంటి పెద్దమనిషి ఉన్నాడని దానికేం తెలుసు? పైగా ఆ గడువు పెట్టించింది మీరే, ఆక్లండ్ నుంచి వచ్చిన పెసమినో వాగుడు ఆపాలని. మైకులో పడని మాట లెక్కలోకి రాదన్న షరతూ మీదే.

మన తీరంలోని ఇసక అమ్మకూడదని లేచిన పెద్దలంతా మన మర్యాద ప్రకారం ఊరూరి బిరుదులూ వంశాలూ పొగుడుతుండగానే గడువైపోయి ఆగిపోయారు. మీరు మూడో ఊరి దగ్గర ఆగారు. ఆ మర్యాదలేవీ రాని పెసమినో చివర్లో లేచి, "అందరికీ దండం. ఇసక హోటలుకి అమ్మేద్దాం," అని కూర్చున్నాడు. ఏకగ్రీవం అని రాసుకున్నారు.

పొగడ్తలకు గడువు వద్దని సవరణ పెడితే ఇసక సంగతి మళ్లీ ఎత్తుతామని అధ్యక్షులు అన్నారు. వచ్చే సభలో అది అడగవలసింది మీరే, అదీ అయిదు నిమిషాల్లో. ఈ ఒక్కసారికి నేరుగా విషయంలోకి దిగండి.

అత్తయ్యతో చెబితే పడీపడీ నవ్వింది. "మీ మావయ్యా? ఉప్పు అందించమనడానికే మా ముత్తాత దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు," అంది.

మీ మేనల్లుడు